పాత దూలానికి చిత్రిక పట్టే ముందు దాని వయసు చూడండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత మిద్దెలు పడగొట్టినప్పుడల్లా దూలాలు, దంతెలు, ద్వారబంధాలు పాత సామాన్ల కొట్లకు చేరుతుంటాయి. వాటితో ఇంట్లోకి ఒక బెంచీ చేసుకోవచ్చు. కానీ అమ్మేవాళ్ళు దేన్నైనా "వందేళ్ళ టేకు సార్" అంటారు. ఆ మాట మీద డబ్బులు పెట్టకండి, చెక్కను చూసి పెట్టండి. చాలామంది ఇంటికి తేగానే చిత్రిక పట్టించేస్తారు, దాంతో వయసు చెప్పే గుర్తులన్నీ పొట్టులో కలిసిపోతాయి. ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

పీకిన మేకుల్ని పారేయొద్దు. కొలిమిలో కొట్టిన మేకు పలకలుగా ఉండి మొన వైపు సన్నబడుతుంది, తలలు ఏ రెండూ ఒకేలా ఉండవు. గుండ్రటి తీగ మేకులు బాగా వాడకంలోకి వచ్చింది 19వ శతాబ్దం చివర్లో, స్టార్ స్క్రూలు (తల మీద ప్లస్ గాడి ఉన్నవి) 1930ల తర్వాత. అయితే అది రిపేరులో కొట్టిన మేకు కూడా కావచ్చు కాబట్టి, పక్కన ఖాళీ రంధ్రాలూ వాటి చుట్టూ తుప్పు పట్టిన నల్లమరకా ఉన్నాయేమో చూడండి. తర్వాత రంపం గీతలు: చేత్తో కోసినవి తిన్నగా ఉన్నా ఎడం సమంగా ఉండదు, గుండ్రటి రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. ఊళ్ళలో చేతి రంపమూ కమ్మరి మేకులూ చాలాకాలం నడిచాయి, అందుకే ఒక్క గుర్తుతో తేల్చేయకండి, రెండు మూడు కలిస్తేనే నమ్మండి. టేకులో వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి గానీ, వాటిని లెక్కపెడితే తెలిసేది చెట్టు కనీసం ఎన్నేళ్ళు పెరిగిందో మాత్రమే, ఎప్పుడు కొట్టారో కాదు. అదే ఇంటి మంగళూరు పెంకు మీద 1865 అని ఉంటే అది ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, మీ ఇంటిది కాదు.

ఒక్క జాగ్రత్త. చెక్క ముదురు ఎరుపులో, నీళ్ళలో మునిగేంత బరువుగా ఉంటే ఎర్రచందనమేమో అని ఆగండి, అటవీ శాఖ కాగితాలు లేకుండా దాన్ని కొనొద్దు, బండెక్కించొద్దు.

ఇక బెంచీ. గోడలో దిగిన కొనలకే తేమా చెదలూ ముందు పడతాయి కాబట్టి అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూసి, మెత్తగా దిగినంత మేరా కోసేయండి. చేవ గట్టిగా ఉన్న భాగమే ఉంచుకోండి. అయస్కాంతం తిప్పి విరిగిన మేకు ముక్కలు కూడా తీయండి, ఒక్కటి మిగిలినా మెషిన్ బ్లేడు పోతుంది. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, మాస్కు తప్పనిసరి. రెండు మూడు వారాలు ఇంట్లోనే ఉంచి, అప్పుడు కోయండి.

కూర్చునే పలక ఒకటిన్నర అంగుళం మందం, ఎత్తు 17 లేదా 18 అంగుళాలు చాలు. పాత చెక్క గట్టిది, ముందు డ్రిల్ చేయకుండా స్క్రూ బిగిస్తే పగులుతుంది. పైవైపు మాత్రమే చిత్రిక పట్టండి, అడుగున రంపం గీతలు అలాగే వదిలేయండి, ఆ చెక్కకున్న సాక్ష్యం అదే. చివర్లో అవిసె నూనె పలచగా రెండు పూతలు. నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేస్తే వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి, బయట విడివిడిగా ఆరేయండి.