బ్రిటన్‌లో మెడిసిన్ ఇంటర్వ్యూ: ఇంట్లో సాధన ఎలా చేయించాలి

ఎంసెట్ ర్యాంకుతో సీటు తెచ్చుకున్న తల్లిదండ్రులకు బ్రిటన్ పద్ధతి కొత్తగానే ఉంటుంది. యూక్యాట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) స్కోరు, ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి స్కూలు చివరి పరీక్షలు) అంచనా మార్కులు పిల్లల్ని ఇంటర్వ్యూ గుమ్మం దాకా తీసుకెళ్తాయి. ఆపైన బట్టీ పనికిరాదు.

యూనివర్సిటీ దరఖాస్తులన్నీ తీసుకునే యూకాస్‌కు మెడిసిన్ దరఖాస్తు పంపే గడువు అక్టోబరు 15. మెడిసిన్‌కు నాలుగు యూనివర్సిటీలే పెట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా నడుస్తాయి. పిలుపు ఈమెయిల్లో వస్తుంది, కొన్నిసార్లు వారం పది రోజుల ముందే. అందుకే స్పామ్ ఫోల్డర్ రోజూ చూసుకోమనండి. జనవరిలో స్కూలు మాక్ పరీక్షలు కూడా ఉంటాయి కాబట్టి రెండు తేదీలూ ఒకే క్యాలెండర్‌లో రాసి గోడకు తగిలించండి.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో సైన్స్ ప్రశ్నను ట్యూటర్ ముందు పైకి ఆలోచిస్తూ విప్పాలి. మిగతా చాలా చోట్ల ఉండేది ఎంఎంఐ, అంటే ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు మారుతూ ఇచ్చే చిన్న చిన్న ఇంటర్వ్యూల వరుస: సుమారు ఆరు నుంచి పది స్టేషన్లు, ఒక్కోటి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, ముందు ప్రశ్న చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు. సాధారణంగా ఒక్కో స్టేషన్‌కు ఒక్కో పరీక్షకుడు. ఒకటి పాడైనా తర్వాతి గదిలో మళ్లీ సున్నా నుంచే మొదలు. పిల్లలు ఇది మర్చిపోయి, పోయిన స్టేషన్ గురించే ఆలోచిస్తూ రెండోదీ పోగొట్టుకుంటారు.

ఇంట్లో ఇలా చేయండి. పడకగది తలుపుకు ప్రశ్న కాగితం అంటించండి. ఒకటిన్నర నిమిషం చదవనివ్వండి, లోపల ఆరు నిమిషాలు మాట్లాడనివ్వండి, టైమర్ మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయండి. వారానికి రెండు పూటలు, పూటకు నాలుగు ప్రశ్నలు చాలు. అంతకు మించితే జవాబులు అప్పజెప్పినట్టు తయారవుతాయి.

లెక్కల స్టేషన్‌కు ఇలాంటి ప్రశ్న ఇవ్వండి: బిడ్డ బరువు 20 కిలోలు, కిలోకు 15 మిల్లీగ్రాముల మందు, సిరప్ 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములు. ఎన్ని మి.లీ. పోయాలి? 300 మిల్లీగ్రాములు, అంటే 12.5 మి.లీ. జవాబు ఒక్కటే చెబితే చాలదు, లెక్క పైకి చెబుతూ చేయాలి.

సూచనలిచ్చే స్టేషన్‌కు మన ముగ్గును మించింది లేదు. ఐదు వరుసలు, వరుసకు ఐదు చుక్కలు పెట్టిన ముగ్గు మీ అబ్బాయి చేతిలో ఉంచి, మీరు వీపు తిప్పి కూర్చుని, వాడు చెప్పిందే గీయండి. ‘అక్కణ్నుంచి ఇటు’ అన్నాడంటే గీత తప్పుతుంది. ఎక్కడ మొదలు, ఏ వైపు, ఎన్ని చుక్కలు, గీశారా లేదా అని అడుగుతూ సాగాలి.

రోల్‌ప్లేలో కోపంగా ఉన్న పొరుగింటాయన మీరే: ‘నీకు అరువిచ్చిన సైకిల్ పోయిందట’. చాలామంది వెంటనే డబ్బిస్తామంటారు. ముందు క్షమాపణ, తర్వాత అవతలివాళ్లు చెప్పేది పూర్తిగా వినడం, ఆ తర్వాతే పరిష్కారం.

నైతిక ప్రశ్నల దగ్గరే తెలుగిళ్లలో తేడా వస్తుంది. 15 ఏళ్ల అమ్మాయి గర్భనిరోధక మాత్రలు అడిగి, అమ్మకు చెప్పొద్దంటుంది. ‘తల్లికి చెప్పాల్సిందే’ అని మీరు తీర్పిచ్చేస్తే సాధన అక్కడితో పోయినట్టే. ఇంగ్లండ్‌లో 1985 నాటి గిల్లిక్ తీర్పు ప్రకారం, విషయం పూర్తిగా అర్థం చేసుకోగల 16 ఏళ్లలోపు వాళ్లు చికిత్సకు తామే ఒప్పుకోవచ్చు. ఆ అమ్మాయికి ఎంత అర్థమైంది, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, అమ్మతో మాట్లాడేలా ఒప్పించగలమా, ఇవన్నీ పిల్లలే తడుముకుంటూ చెప్పాలి. మీరు డాక్టరైతే ఇంకా జాగ్రత్త: మీ జవాబు వాళ్ల నోట పలికితే రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే కెమెరా కంటి ఎత్తులో, వెలుతురు ముఖం మీద పడేలా పెట్టండి. పాస్‌పోర్టు దగ్గరుంచండి. కుక్కర్ ఆపేయండి, ఇండియా ఫోన్లకు తర్వాత చేస్తామని ముందే చెప్పండి. మీరు ఆ గదిలో ఉండొద్దు. నేరుగా వెళ్లాల్సిన చోటు దూరమైతే ముందురోజే చేరుకోండి.

బయటికొచ్చాక ‘ఏమడిగారు?’ అనొద్దు. ప్రశ్నలు బయటపెట్టబోమని చాలా చోట్ల ముందే మాట తీసుకుంటారు, కాబట్టి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకూడదు. అన్నం పెట్టండి. సీట్లేవీ రాకపోతే మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు చేయొచ్చు, కానీ యూక్యాట్ స్కోరు ఆ ఒక్క ఏడాదికే చెల్లుతుంది. వేసవిలో ఆ పరీక్ష మళ్లీ రాయాలి.