కుళాయి ఫిల్టర్‌లో ధార సన్నబడిందా? కొత్తది కొనే ముందు ఇలా చేయండి

ధార కాస్త సన్నబడితే చాలు, ఫిల్టర్ పోయిందంటూ కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నారు. వంటింటి కుళాయికి బిగించే, లోపల తెల్లటి సిరామిక్ క్యాండిల్ ఉండే రకం అంత త్వరగా పోదు.

మెత్తటి టూత్‌బ్రష్, శుభ్రమైన గుడ్డ ఉంటే చాలు. పాన జోలికి పోవద్దు, ప్లాస్టిక్ మూత పగులుతుంది.

ముందు క్యాండిల్ తీసేసి, ఖాళీ ఫిల్టర్ బిగించి కుళాయి తిప్పండి. ధార జోరుగా వస్తే అడ్డు క్యాండిల్‌లోనే ఉంది. అప్పుడూ సన్నగానే వస్తే కుళాయి మూతి దగ్గరి జల్లెడలో ఇసుక చేరిందేమో చూడండి. అదీ కాకపోతే ప్రెషర్ లేనట్టే. 10 మీటర్ల ఎత్తున నీళ్లుంటే గానీ చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ప్రెషర్ రాదు. పై అంతస్తు వాళ్లకు ట్యాంకు నెత్తి మీద 3 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. వాళ్లు ఎన్ని క్యాండిళ్లు మార్చినా అంతే.

ఇక అందరూ పాడుచేసేది క్యాండిల్ కడగడం దగ్గరే. దాని అడుగున ఉన్న రంధ్రాన్ని ముందు బొటనవేలితో గట్టిగా మూయండి. నీళ్లు బయటి నుంచి లోపలికి వడకట్టుకుని ఆ రంధ్రంలోంచే మీ గ్లాసులోకి వస్తాయి. కడిగేటప్పుడు మురికి అందులోకి జారితే ఇక దాన్ని ఆపేది ఏదీ ఉండదు. చన్నీళ్ల ధార కింద చుట్టూ సమానంగా రుద్ది, తెల్లదనం తేలగానే ఆపేయండి. రుద్దినప్పుడల్లా కొంత సిరామిక్ అరుగుతుంది కాబట్టి వారం వారం ఈ పని పెట్టుకోవద్దు. సబ్బు వద్దు, దాని వాసన ఓ పట్టాన వదలదు. వేడినీళ్లు పోస్తే పగుళ్లు రావచ్చు. ఉప్పుకాగితం తొందరగా పని చేస్తుందని కొందరంటారు. క్యాండిల్‌ను అరగదీయడంలో తొందరే అది.

గుడ్డతో తుడిచి, వెలుగులో తిప్పి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా పారేయాల్సిందే. కడిగాక ధార మరీ జోరుగా వస్తే జనం సంబరపడతారు కానీ, నేనైతే ముందు పగులు కోసమే వెతుకుతాను.

తిరిగి పెట్టేటప్పుడు అడుగు వాషర్ మడత పడకూడదు. పడితే నీళ్లు క్యాండిల్‌లోకి పోకుండా పక్క నుంచే వచ్చేస్తాయి. వాషర్ తెల్ల సిలికాన్‌దే వేయాలి, నల్ల రబ్బరుది వద్దు. జారడానికి కొబ్బరి నూనె రాయొద్దు, నీళ్లతో తడిపితే చాలు. మూతను మొదట వెనక్కి తిప్పండి. మర టక్కున కూర్చున్నాక చేత్తోనే బిగించండి.

ఇంకా కారుతుంటే చాలామంది టెఫ్లాన్ టేపు చుట్టేస్తారు. వాషర్ ఉన్న చోట నీటిని ఆపేది వాషరే. పైన టేపు చుడితే మూత పూర్తిగా దిగక ఇంకా ఎక్కువ కారుతుంది. వాషర్ మార్చండి.

లోపల కార్బన్ పొడి ఉన్న క్యాండిల్ కొత్తదైతే మొదట ఆ పొడి నల్లగా దిగుతుంది. తేటపడే దాకా వచ్చిన నీళ్లు మొక్కలకు పోయండి.

నీళ్లు ఉప్పగా ఉన్నా, గిన్నె అడుగున తెల్ల పొర కట్టినా క్యాండిల్‌ను తిట్టి లాభం లేదు. నీటిలో కరిగిన ఉప్పును గానీ, నల్లగొండ బోర్లలోని ఫ్లోరైడ్‌ను గానీ ఇది తీయలేదు. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, కొలిపించండి. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే కరిగిన ఉప్పును తీసే ఆర్ఓ ఫిల్టర్ గురించి ఆలోచించవచ్చు. ఫ్లోరైడ్‌కు మాత్రం వేరే పరీక్ష చేయించాలి, టీడీఎస్ మీటరు దాన్ని చూపించదు.