పాత అవుట్‌బోర్డ్ మోటార్ వేడెక్కగానే ఆగిపోతోందా? కార్బ్యురేటర్ జోలికి వెళ్లకండి

ఇది పడవ వెనక తగిలించే 1950ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండు సిలిండర్ల చిన్న మోటార్ల గురించి. అమెరికాలో గరాజ్ సేల్స్‌లో ఇప్పటికీ దొరుకుతుంటాయి. రెండు బ్రాండ్లూ ఒకే కంపెనీవి కాబట్టి ఫ్లైవీల్ కింద ఉండే మాగ్నెటో (బ్యాటరీ లేకుండా ప్లగ్గులకి కరెంట్ పుట్టించేది) దాదాపు ఒకటే. ఊళ్లో రాజ్‌దూతో, యెజ్డీయో విప్పిన చెయ్యి అయితే పాయింట్లు, కండెన్సర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి: పాయింట్లంటే తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ తెప్పించే లోహపు జత, కండెన్సర్ వాటిమీద మెరుపులు రాకుండా ఆపేది. నీళ్ల డ్రమ్ములో దించకుండా స్టార్ట్ చేయకూడదని కూడా తెలుసనే అనుకుంటున్నా.

ఏ సమస్యతో వచ్చినా ముందు అడిగేది ఒక్కటే: రెండు ప్లగ్గులకీ కరెంట్ వస్తోందా? చాలామంది ప్లగ్ విప్పి, బాడీకి ఆనించి, తాడు లాగి "వస్తోంది" అనేస్తారు. అది చాలదు. ప్లగ్ గ్యాప్ 0.030 అంగుళాలు. బయట గాలిలో ఆ కాస్త దూరం చచ్చు కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజ్ పెంచి పంపే తీగచుట్ట) కూడా దూకిస్తుంది, లోపల కంప్రెషన్ పడినప్పుడే దాని బండారం బయటపడుతుంది. గ్యాప్ మార్చుకునే స్పార్క్ టెస్టర్ ఒకటి కొని, పావు అంగుళం పెట్టి చూడండి. చిటపటమని నీలంగా దూకాలి. ప్లగ్ రంధ్రాల్లోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది, టెస్టర్‌ని వాటికి దూరంగా పెట్టండి.

తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు

కరెంట్ లేకపోతే ముందు పాయింట్లు చూడండి. ఏళ్లతరబడి షెడ్డులో పడున్న మోటార్‌లో వాటిమీద పొర కడుతుంది. సన్నటి ఎమెరీతో రుద్ది అక్కడితో వదిలేస్తే ఆ పొడే కరెంట్‌కి అడ్డం పడుతుంది. ఆల్కహాల్‌లో తడిపిన తెల్ల అట్టముక్కని పాయింట్ల మధ్య లాగుతూ ఉండండి, ముక్క మీద మరక పడనంతవరకు. తర్వాత గ్యాప్ 0.020 అంగుళాలు.

కరెంట్ బాగుండి ప్లగ్గులు పొడిగా ఉంటే పెట్రోల్ అందట్లేదు. ఆ కాలం మోటార్లలో చాలావాటికి ఫ్యూయల్ పంప్ ఉండదు. జంట గొట్టాల్లో ఒకటి ట్యాంకులోకి గాలి పంపుతుంది, రెండోది ఆ ఒత్తిడికి పెట్రోల్ తెస్తుంది. ట్యాంక్ మూత గాస్కెట్ కారితే కథ అక్కడే ఆగిపోతుంది. పంప్ లేని మోటార్‌కి ఇప్పటి ఒంటి గొట్టం ట్యాంక్ తగిలించి తలపట్టుకునేవాళ్లని ఎంతమందిని చూశానో!

కార్బ్యురేటర్ పొంగి కారుతుంటే లోపలి ఫ్లోట్ (పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే తేలుడు ముక్క) బెండుదేమో చూడండి. దానిమీది లక్క పూతని ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ తినేస్తుంది, బెండు నాని మునుగుతుంది. కొత్తది వేసేయండి.

పావుగంట బ్రహ్మాండంగా నడిచి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ నడుస్తుంది

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. లక్షణం చూస్తే అచ్చం పెట్రోల్ అందనట్టే ఉంటుంది. అందుకే కార్బ్యురేటర్ విప్పుతారు, కడుగుతారు, కిట్ మారుస్తారు. ఈలోపు మోటార్ చల్లారిపోతుంది. బిగించి లాగితే స్టార్ట్! "జెట్‌లో చెత్త ఉంది, పోయింది" అని సంబరం. లేక్ మధ్యకి వెళ్లాక మళ్లీ మొదటికొస్తుంది, తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకి రావాలి.

కారణం కాయిల్. దానిమీది ప్లాస్టిక్ పోత ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు తేలుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. వేడెక్కితే లోపలి ఇన్సులేషన్ చేతులెత్తేసి, ప్లగ్గుకి వెళ్లాల్సిన కరెంట్ పగులు దారిన బాడీకి పోతుంది. మల్టీమీటర్ పెడితే అంతా బాగానే చూపించొచ్చు, ఎందుకంటే మీరు కొలిచేది చల్లని కాయిల్‌ని, అదీ బ్యాటరీ వోల్టేజ్‌తో. ఆ అంకెల్ని నమ్మకండి.

పట్టుకునే దారి ఒక్కటే. డ్రమ్ములో నడపండి, ఆగిన మరుక్షణం, వేడి తగ్గకముందే టెస్టర్ తగిలించి లాగండి. పావు అంగుళం దూకకపోతే దొంగ దొరికినట్టే. ఒక్కోసారి ఒక కాయిలే ముందు పోతుంది. అప్పుడు మోటార్ ఆగదు, ఊగుతూ నీరసంగా నడుస్తుంది.

ఫ్లైవీల్ లేపడానికి మధ్యలోని మూడు మరల రంధ్రాలకి బిగించే పుల్లర్ వాడండి. అంచుకి కొక్కేలు తగిలించి లాగితే వీల్ వంగుతుంది. లోపల టార్చ్ వేసి చూస్తే కాయిల్ మీద వెంట్రుక మందాన గీతలు కనిపిస్తాయి, కొన్నిటికి పెచ్చులే ఊడి ఉంటాయి. పగిలింది ఒక్కటే అయినా రెండూ మార్చండి, రెండోదాని వయసూ అంతే కదా. ప్లగ్ వైర్లు కూడా కొత్తవే వేసి, కాయిల్‌లోని ముల్లు వైరు నడిమధ్యలో దిగేలా గట్టిగా నొక్కి తిప్పండి.

బిగించేటప్పుడు కాయిల్ ఇనుప కాళ్ల అంచులు మాగ్నెటో ప్లేట్ మీది చెక్కిన దిమ్మెలతో సమంగా ఉండాలి, వేలుగోరుతో తడిమితే మెట్టు తగలకూడదు. బయటికి పొడుచుకొస్తే ఫ్లైవీల్ గీరుతుంది, లోపలికి పోతే కరెంట్ తగ్గుతుంది. పాయింట్ల క్యామ్‌ని ఊడదీస్తే 'టాప్' అన్న ముద్ర పైకి ఉండేలా పెట్టండి. ఫ్లైవీల్ కూర్చునే క్రాంక్ షాఫ్ట్ కోను మీద నూనె చుక్క లేకుండా తుడిచాకే ఫ్లైవీల్ దించండి.

మిగతావి

ఇంజిన్ నడుస్తున్నా ప్రొపెల్లర్ తిరగకపోతే షియర్ పిన్ (ప్రొపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న పిన్ను) విరిగింది. గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే కింది సీల్స్ పోయాయి. నీళ్లు చిమ్మకపోతే ఇంపెల్లర్ (ఇంజిన్ చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం), అది ఎలాగూ మార్చాల్సిందే. రీడ్ వాల్వులు (ఇంజిన్‌లోకి పెట్రోల్-గాలిని ఒకవైపే వదిలే రేకులు), క్రాంక్ సీల్స్ చెడటం అరుదు. రెండు సిలిండర్ల కంప్రెషన్ దాదాపు సమానంగా ఉండి, వేడిమీద కూడా కరెంట్ పావు అంగుళం దూకి, పెట్రోల్ అందుతూ ఉండి, అయినా సరిగ్గా నడవకపోతేనే అటు చూడండి.