ఇంజిన్ దించకుండా కనెక్టింగ్ రాడ్ బోల్టులు మార్చే విధానం

పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టు మీద అత్యధిక భారం ఇంధనం మండే క్షణంలో పడుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి అప్పుడు వాయుపీడనం రాడ్‌ను కిందికి అదుముతుంది కనుక బోల్టులకు పెద్దగా పని ఉండదు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ ముగిసి పిస్టన్ పైకొస నుంచి కిందికి మళ్ళేటప్పుడు, పైనుంచి నెట్టే పీడనం ఏదీ లేని ఆ స్థితిలో, పిస్టన్‌నూ రాడ్‌నూ వెనక్కి లాగవలసిన భారమంతా బిగ్ ఎండ్ (రాడ్ క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే పెద్ద కొస) క్యాప్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల మీదే పడుతుంది. ఈ లాగుడు ఇంజిన్ వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. నిమిషానికి 6000 చుట్ల నుంచి 7000 చుట్లకు వెళితే వేగం ఆరో వంతే పెరిగినా, బోల్టు మీది భారం దాదాపు 36 శాతం పెరుగుతుంది. కాబట్టి గట్టి బోల్టుల అవసరం ప్రధానంగా ఇంజిన్‌ను ఎక్కువ వేగంతో తిప్పదలచినవారికే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది. బోల్టు బిగింపు బలం మారితే బిగ్ ఎండ్ రంధ్రపు ఆకారం కూడా కొద్దిగా మారుతుంది. ఇంజిన్ విప్పి చేసే పనిలో రాడ్‌లను మెషిన్ షాపుకు పంపి, కొత్త బోల్టులతో బిగించి, రంధ్రాన్ని కొలిచి, అవసరమైతే హోనింగ్ (రంధ్రాన్ని సానబట్టి సరిచేయడం) చేయిస్తారు. కారులో ఉండగా క్రాంక్‌షాఫ్ట్ అడ్డుగా ఉంటుంది కనుక రంధ్రాన్ని బోర్ గేజ్‌తో కొలిచే వీలే లేదు. అందుచేత, బోల్టు తయారీదారు తన బోల్టును మీ రాడ్‌లో రీసైజింగ్ (రంధ్రాన్ని మళ్ళీ కొలతకు తేవడం) లేకుండా వాడవచ్చని స్పష్టంగా చెప్పినప్పుడే ఈ పద్ధతికి పూనుకోవాలి. బోల్టు తల రాడ్ భుజంలోకి ప్రెస్ చేసి, క్యాప్ వైపు నట్ బిగించే పాత తరహా రాడ్‌లయితే ఈ ఆలోచన మానుకోవడమే మేలు. క్రాంక్ పిన్ (రాడ్ పట్టుకునే క్రాంక్‌షాఫ్ట్ భాగం) పక్కనే సుత్తితో కొట్టి బోల్టులు ఊడదీయడం ఏ విధంగానూ క్షేమం కాదు. క్యాప్ గుండా నేరుగా రాడ్‌లోని మరల్లోకి బిగిసే బోల్టులకే ఈ విధానం తగినది.

కారును గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరరాదు. బ్యాటరీ తీగ విప్పి, ఆయిల్ వంపేసి, స్పార్క్ ప్లగ్‌లు తీసేస్తే క్రాంక్‌ను చేత్తో సులువుగా తిప్పవచ్చు. చాలా కార్లలో ఆయిల్ ప్యాన్ బయటికి రావాలంటే సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దించవలసి ఉంటుంది. అప్పుడు ఇంజిన్ బరువును పైనుంచి సపోర్ట్ బార్‌తో మోయించాలి. ప్యాన్, ఆయిల్ పికప్ పైపు తీశాక లోపలి భాగాలను నూలుపోగులు రాలని గుడ్డతో తుడవాలి. పికప్ పైపు ఓ-రింగ్‌ను తప్పకుండా కొత్తది వేయాలి. అది గాలి పీల్చిందంటే ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కొత్త బోల్టులు ఎంత మంచివైనా బేరింగులు దక్కవు.

క్రాంక్ పుల్లీ బోల్టుతో ఇంజిన్‌ను అది తిరిగే దిశలోనే తిప్పి, పని చేయవలసిన పిస్టన్‌ను కిందికొసకు తేవాలి. వరస నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 ఒకేసారి కిందికొస్తాయి; తరువాత 2, 3 వస్తాయి. ప్రతి క్యాప్ మీదా సిలిండర్ సంఖ్యనూ, ముందు వైపు ఏదో తెలిపే గుర్తునూ పెయింట్‌తో వేయాలి. పంచ్‌తో గుర్తు కొడితే క్యాప్ వంకరపోవచ్చు. ఒక రాడ్ పని పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవాలి, క్యాప్ ఊడి ఉండగా క్రాంక్‌ను తిప్పనే కూడదు. విరిచి విడదీసే పద్ధతిలో తయారైన రాడ్‌లలో క్యాప్ తన రాడ్‌కే సరిపోతుంది. గరుకుగా ఉండే ఆ అతుకు ముఖం మీద చిన్న రేణువు చేరినా క్యాప్ సరిగా కూర్చోదు. అందుకే దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టరాదు.

ఈ పనిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది ప్లాస్టిగేజ్‌తో (పిన్‌కూ బేరింగుకూ మధ్య ఖాళీని కొలిచే మైనపు పోగుతో) ముందూ వెనుకా పోల్చి చూడడం. పాత బోల్టులతోనే మొదట క్యాప్ తీసి, పిన్‌నూ షెల్‌నూ (క్యాప్ లోపలి బేరింగు పొరను) ఆయిల్ లేకుండా తుడిచి, సన్నని మైనపు పోగును పిన్ పొడవునా పరచి, క్యాప్‌ను నిర్ణీత టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించి మళ్ళీ విప్పితే, అది చదునైన పట్టీగా కనిపిస్తుంది. దాని వెడల్పును కవరు మీది కొలతలతో సరిచూడాలి. పట్టీ వెడల్పుగా ఉంటే ఖాళీ తక్కువ, సన్నగా ఉంటే ఎక్కువ. కొత్త బోల్టులతోనూ ఇదే పరీక్ష చేసి రెండు కొలతలూ దాదాపు ఒకటేనని తేలాలి. తేడా స్పష్టంగా కనిపిస్తే రంధ్రం ఆకారం మారిందని అర్థం. అక్కడే ఆగి, రాడ్‌లను బయటికి తీసి మెషిన్ షాపుకు పంపడం తప్పదు. తేడా లేనంత మాత్రాన గుండ్రదనం అంతటా రుజువైనట్టు కాదు గనుక, తయారీదారు హామీకి ఇది తోడు మాత్రమే. 50 మిల్లీమీటర్ల పిన్‌కు సుమారు 0.05 మిల్లీమీటర్ల ఖాళీ సాధారణంగా కనిపించే కొలత. తుది మాట మాత్రం సర్వీస్ మాన్యువల్‌దే. ఇదే సమయంలో షెల్‌ల ముఖం చూడాలి. బూడిద రంగు పూత అరిగి రాగి బయటపడితే వాటినీ అదే సైజు గ్రేడువి చూసి మార్చాలి.

కొత్త బోల్టు బిగింపులో చాలామంది తడబడేది టార్క్ దగ్గరే. పానా మీద మనం వెచ్చించే బలంలో దాదాపు 90 శాతం మరల్లోనూ తల కిందా ఘర్షణకే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన కొద్ది భాగమే. ఇంజిన్ ఆయిల్‌కు బదులుగా మాలిబ్డినం గ్రీజు రాస్తే, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది. కాబట్టి తయారీదారు ఏ కందెన చెప్పాడో దానినే, చెప్పిన చోట్లన్నిటా రాయాలి. లాక్‌టైట్ వంటి జిగురు వాడకూడదు. బోల్టు రెండు కొసలూ అందే రాడ్‌లయితే స్ట్రెచ్ గేజ్ వాడడమే ఉత్తమం. బిగించక ముందు బోల్టు పొడవు దగ్గర గేజ్‌ను సున్నాకు సెట్ చేసి, బిగిస్తూ ముల్లు కదలికను చూడాలి. ఎన్నో రకాల బోల్టులకు సాగుదల 0.15 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది గానీ, మీ బోల్టు పత్రంలో ఉన్న అంకెనే అనుసరించాలి. బిగించక ముందటి పొడవును రాసి పెట్టుకుంటే తరువాత ఎప్పుడు విప్పినా పోల్చుకోవచ్చు. విప్పాక పాత పొడవుకన్నా 0.025 మిల్లీమీటర్లు పెరిగిందంటే ఆ బోల్టు పనికిరాదు. కింది కొస అందని రాడ్‌లలో టార్క్, లేదా టార్క్‌తో పాటు కోణం చూసి బిగించడమే మార్గం.

ఒక్కో రాడ్ బిగించాక దానిని వేలితో పక్కలకు కదిపి చూడాలి, తేలికగా జరగాలి. తరువాత క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడ హఠాత్తుగా బిగుతు తగిలినా ఆ రాడ్‌ను విప్పి కారణం తెలుసుకునే వరకు ముందుకు వెళ్ళరాదు. చివరకు ప్యాన్‌కు కొత్త గ్యాస్కెట్ వేసి, కొత్త ఆయిల్, ఫిల్టర్‌తో నింపి, ఇంధనమూ ఇగ్నిషనూ నిలిపివేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌ను చిన్న చిన్న విరామాలతో తిప్పాలి. ఆ తరువాతే ఇంజిన్‌ను నడపాలి. తొలి రోజుల్లో అధిక వేగాలకు పోకుండా, తొందరగానే ఒకసారి ఆయిల్ మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి మడతల మధ్య లోహపు మెరుపు ఏమైనా ఉందేమో వెలుతురులో పరిశీలించాలి.