విమానాల ఏవియానిక్స్ పని నేర్చుకోదలచినవారికి

ఇంటర్మీడియట్ ఎంపీసీ పూర్తిచేసి విమానాల మెయింటెనెన్స్ రంగంలోకి రావాలనుకునేవారు మొదట లైసెన్సు గురించి తెలుసుకోవాలి. మన దేశంలో దానిని సీఏఆర్-66 అనే పౌరవిమానయాన నిబంధనల కింద, ఆ రంగాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ జారీ చేస్తుంది. ఏవియానిక్స్, అంటే రేడియో, నావిగేషన్, ఆటోపైలట్, విద్యుత్ వ్యవస్థల పని చేసి సంతకం పెట్టేందుకు బీ2 కేటగిరీ అవసరం. శిక్షణ సంస్థకు సీఏఆర్-147 (శిక్షణ సంస్థల నిబంధనలు) ఆమోదం ఉన్నదా అని మాత్రమే కాక, ఆ ఆమోదం బీ2కు వర్తిస్తుందా, ప్రాక్టికల్ శిక్షణ ఏ హ్యాంగరులో (విమానాల షెడ్డులో) ఏ విమానంపై ఇస్తారు అన్నది కూడా ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని సంస్థలో చేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆమోదం పొందిన 2,400 గంటల కోర్సు చేసినవారికి రెండేళ్ల పని అనుభవం సరిపోతుంది. కోర్సు లేకుండా పరీక్షలు మాత్రమే రాసి వచ్చేవారికి ఐదేళ్లు కావాలి. పరీక్షలోని ప్రతి మాడ్యూలులో (పాఠ్యభాగంలో) కనీసం 75 శాతం మార్కులు రావాలి. మూడు, నాలుగు, ఐదు మాడ్యూళ్లలోని విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్, డిజిటల్ పాఠాలు గట్టిగా ఉంటే పదమూడవ మాడ్యూలులోని విమాన వ్యవస్థలు వాటంతటవే అర్థమవుతాయి.

చేతిపనిలో మొదట పట్టు సాధించవలసినది వైరింగు. తీగపై ఇన్సులేషన్ తీసిన తరువాత ఒక్క పోగైనా తెగిందా, గీత పడిందా అని భూతద్దంతో చూడాలి. కాంటాక్టులో, అంటే తీగ చివర బిగించే లోహపు పిన్నులో, తీగను దూర్చినప్పుడు పక్కనున్న చిన్న రంధ్రంలోంచి పోగులు కనిపించాలి. కనిపించకపోతే తీగ లోపలిదాకా వెళ్లలేదన్నమాట. కాంటాక్టును తీగపై నొక్కి బిగించడానికి మాన్యువల్ చెప్పిన క్రింపింగ్ టూల్‌నే, దాని క్యాలిబ్రేషన్ (కచ్చితత్వ పరీక్ష) తేదీ దాటలేదని చూసుకున్నాకే వాడాలి. కాంటాక్టును కనెక్టరులో గుచ్చిన తరువాత మెల్లగా వెనక్కి లాగి చూడండి, ఊడి వచ్చిందంటే అది సరిగా కూర్చోలేదు. విమానంలో 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటు ఉంటుంది కనుక పని మొదలుపెట్టే ముందు సంబంధిత సర్క్యూట్ బ్రేకరును లాగి, క్లిప్పు పెట్టి, ట్యాగు కట్టి, ఆ విషయాన్ని రికార్డులో రాయడం తప్పనిసరి.

లోపం వెతకడంలో కొత్తవారు వెంటనే పరికరం పెట్టెనే మార్చేయాలని చూస్తారు. వీహెచ్ఎఫ్-1లో (పైలట్ మాట్లాడే మొదటి రేడియోలో) మాట తెగిపోతోందని పైలట్ లాగ్‌బుక్కులో రాశారనుకోండి. అది నేలమీద కూడా జరుగుతోందా, ఎగిరేటప్పుడు మాత్రమేనా అని ముందు అడగాలి. తరువాత వ్యవస్థ తనంతట తాను నమోదు చేసుకున్న ఫాల్ట్ సందేశాలు చదివి, ఫాల్ట్ ఐసొలేషన్ మాన్యువల్ (లోపం ఎక్కడుందో కనిపెట్టే పుస్తకం) చూపిన వరుసలోనే కనెక్టరు పిన్నులు, యాంటెన్నా కేబులు, ఎర్త్ బాండింగు (పరికరాన్ని విమానపు లోహ చట్రంతో కలిపే కనెక్షను) పరీక్షించాలి. తొందరపడి విప్పిన రేడియో వర్క్‌షాపునుంచి ‘లోపం కనబడలేదు’ అన్న చీటీతో తిరిగివస్తుంది. అసలు తుప్పుపట్టిన కనెక్టరు విమానంలోనే ఉండిపోతుంది.

ప్రతి చిన్న పని వెనుక ప్రాణాలు ఉంటాయని చెప్పడానికి 1996 అక్టోబరు 2న జరిగిన పెరూ దేశపు ఏరోపెరూ సంస్థ ఫ్లైట్ 603 ప్రమాదాన్ని ప్రతి శిక్షణార్థీ చదవాలి. బోయింగ్ 757ను శుభ్రం చేసేటప్పుడు స్టాటిక్ పోర్టులకు (బయటి గాలి పీడనాన్ని గ్రహించే రంధ్రాలకు) అంటించిన టేపును తీయడం మరిచిపోయారు. రాత్రివేళ, సముద్రం మీద, వేగం, ఎత్తు చూపే మీటర్లు తప్పుడు అంకెలు చూపడంతో విమానం కూలి, అందులోని 70 మందీ మరణించారు. అందుకే కవర్లు, టేపులు, ప్లగ్గులు అన్నీ ఎన్ని పెట్టామో రాసుకొని, షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారికి నోటితోనూ కాగితంపైనా అప్పగించాలి. మానవ కారకాల (మనుషులు పొరపాట్లు ఎందుకు చేస్తారన్న) మాడ్యూలును మార్కుల కోసం మాత్రమే చదివేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

బీ2 లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ ఏ320 వంటి పెద్ద విమానాన్ని, పని సరిగా పూర్తయిందని సంతకం పెట్టి, ఎగరడానికి విడుదల చేసే అధికారం రాదు. ఆ రకానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ అనే అర్హత పొందాలి. మన ప్రాంతంవారికి శంషాబాదులోని జీఎంఆర్ ఏరో టెక్నిక్ వంటి మరమ్మతు కేంద్రాలు దగ్గరలో ఉన్నాయి. ఎక్కడ చేరినా, చేసిన ప్రతి పనిని విమానం రిజిస్ట్రేషన్, టాస్క్ కార్డు (పని వివరాల పత్రం) నంబరుతో సహా అనుభవ పుస్తకంలో ఏ రోజుకారోజు రాసి, పర్యవేక్షించిన ఇంజనీరు సంతకం ఆ వారంలోనే తీసుకోండి. ఆ ఇంజనీరు వేరే ఊరికి బదిలీ అయ్యాక సంతకాల కోసం తిరగడం ఎంతో కష్టమవుతుంది.