ఎండాకాలంలో పీడీ కార్బన్ ఫిల్టర్ చేస్తున్నారా?

పీడీ కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లాడియం లోహం ఉన్న క్యాటలిస్ట్)తో హైడ్రోజనేషన్, అంటే హైడ్రోజన్‌ను చేర్చే రియాక్షన్, పెట్టినప్పుడు చాలామందికి టెన్షన్ అంతా రియాక్షన్ నడిచేటప్పుడే. టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో ప్లేట్ మీద చూసే పరీక్ష)లో స్టార్టింగ్ మెటీరియల్ పోయిందని తేలగానే ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి భయపడాల్సింది ఆ తర్వాతే. కొత్త డబ్బాలోని పీడీ కార్బన్ కన్నా వాడేసిన దానితోనే ప్రమాదం ఎక్కువ. అది హైడ్రోజన్‌ను పట్టుకుని ఉంటుంది, ఆరితే గాలి తగిలి తనంతట తానే రాజుకుంటుంది. సాల్వెంట్‌గా వాడే మెథనాల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) 11 డిగ్రీలే. హైదరాబాద్ మే నెలలో ఏసీ సరిగా లేని గదిలో ఫనెల్ మీది కేక్ (వడకట్టాక మిగిలే క్యాటలిస్ట్ ముద్ద) చూస్తుండగానే ఆరిపోతుంది.

రియాక్టర్‌లో మిగిలిన హైడ్రోజన్‌ను వదిలేసి, నైట్రోజన్‌తో కనీసం మూడుసార్లు పర్జ్ చేశాకే (లోపలి వాయువును తోసేశాకే) ఫిల్టర్ మొదలుపెట్టండి. కేక్ పైన ఎప్పుడూ కొంచెం ద్రవం నిలిచి ఉండాలి. వాక్యూమ్ పెట్టేసి ఫోన్ చూసుకుంటూ కూర్చునే పని కాదిది. కేక్ అంచుల దగ్గర ముడుచుకుని పగుళ్లు వస్తున్నాయంటే గాలి లోపలికి లాగుతోందని అర్థం. వెంటనే వాక్యూమ్ ఆపండి. అప్పుడు కంగారులో మెథనాల్ పోస్తే భగ్గుమంటుంది, పోయాల్సింది నీళ్లు. ఫిల్ట్రేట్‌లో (వడకట్టగా వచ్చిన ద్రవంలో) నీళ్లు కలిస్తే తర్వాత తీసేసుకోవచ్చు.

క్యాటలిస్ట్ వేసేటప్పుడూ అంతే. సగం నీటితో తడిపి అమ్మే గ్రేడే కొనండి. నైట్రోజన్ నింపిన ఫ్లాస్క్‌లో ముందు క్యాటలిస్ట్, ఆ తర్వాతే సాల్వెంట్.

క్యాటలిస్ట్‌ను మళ్లీ వాడాలనుకుంటే సెలైట్ (వడకట్టడానికి వాడే పొడి) జోలికి పోవద్దు, కలిసిపోయాక విడదీయడం కష్టం. సింటర్డ్ ఫనెల్‌లో (సన్నని రంధ్రాల గాజు పలక ఉన్న ఫనెల్‌లో) వడకట్టి, తడిగానే తర్వాతి బ్యాచ్‌కి వాడండి. థయాల్ లాంటి సల్ఫర్ పదార్థం తగిలిందంటే మాత్రం ఆశ వదులుకోవాలి. ఇక ఒకే క్యాటలిస్ట్‌ను ఐదుసార్లు వాడినా 95 శాతం యీల్డ్ (దిగుబడి) వచ్చిందని ఎవరైనా చెబితే నేను అంత తేలిగ్గా నమ్మను. రాత్రంతా వదిలేస్తే నీరసించిన క్యాటలిస్ట్ కూడా పని ముగిస్తుంది. మొదటి అరగంటలో హైడ్రోజన్ ఎంత తీసుకుందో ప్రతిసారీ రాసి పెట్టుకోండి, అసలు సంగతి అక్కడ బయటపడుతుంది.

పీడీ కార్బన్‌తో సుజుకీ కప్లింగ్ (పల్లాడియంతో రెండు కార్బన్ ముక్కలను కలిపే రియాక్షన్) చేసేవాళ్లకు ఇంకో చిక్కు. పల్లాడియం, కార్బన్ మీద నుంచి ద్రావణంలోకి దిగి, పని చేసి, చివర్లో కొంత తిరిగి అంటుకుంటుంది. రియాక్షన్ సగంలో, వేడిగా ఉండగానే కొంచెం వడకట్టి, ఆ ఫిల్ట్రేట్‌లో రియాక్షన్ ఇంకా నడుస్తోందేమో చూడండి; నడుస్తుంటే పల్లాడియం ద్రావణంలోకి దిగినట్టే. నోటితో తీసుకునే మందులకు ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ మండలి) పెట్టిన పల్లాడియం హద్దు రోజుకు 100 మైక్రోగ్రాములు. అందుకే ప్రతి సైకిల్ ఫిల్ట్రేట్‌నూ ఐసీపీ-ఎంఎస్‌కు (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే పరీక్షకు) పంపాలి.

ఫిల్టర్ పేపర్లు, తుడిచిన టిష్యూలు చెత్తబుట్టలో పడేయకండి. లేబుల్ అంటించిన నీళ్ల డబ్బాలో వేస్తే మంటల భయం ఉండదు, రిఫైనర్‌కు (లోహాన్ని శుద్ధి చేసేవాళ్లకు) పంపితే లోహమూ తిరిగొస్తుంది.