ఫైబరా, కేబులా: సెలవుల్లోపు కనెక్షన్ తీసుకునేవాళ్లు చూసుకోవాల్సినవి

నల్లగొండ, పాలమూరు వైపు గేమింగ్‌కు, లైవ్‌కు నెట్ పెట్టించేవాళ్లకు:

• ఏడాది డబ్బు ముందే కట్టొద్దు. కొన్నిచోట్ల ఫైబర్ స్తంభం దాకే. ఇంట్లోకి మామూలు కేబుల్ వైరే లాగుతారు. ఇంట్లో పెట్టే నెట్ పెట్టెకు (మోడెం) పచ్చ లేదా నీలి మూతి ఉన్న సన్నని ఫైబర్ తీగ తగిలితేనే నమ్మండి.

• అప్‌లోడ్ ఎంతో అడగండి. కేబుల్‌లో డౌన్‌లోడ్ 100 ఉన్నా అప్‌లోడ్ చాలా తక్కువుంటుంది. 6 ఎంబీపీఎస్ లైవ్‌కు అప్‌లోడ్ 12 ఉంటేనే నిశ్చింత.

• రాత్రి 9కి అదే కనెక్షన్ ఉన్న పక్కింట్లో పింగ్ (సర్వర్‌కు సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) చూడండి, అదీ వీడియో అప్‌లోడ్ అవుతుండగా. 30 ఉన్నది 200 దాటితే గేమ్ ఆడలేరు.

• గాలిదుమారానికి కరెంటు పోతే కేబుల్ లైనులో సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ ఆగుతుంది, మీ ఇన్వర్టర్ ఏం చేయలేదు. ఫైబర్‌ను ఇళ్లకు పంచే స్ప్లిట్టర్‌కు కరెంటే అక్కర్లేదు. ఆపరేటర్ దగ్గర బ్యాకప్ ఉంటే, ఇంట్లో పెట్టెకు 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు.

• ఫైబర్ తీగను కిటికీ అంచున మడవొద్దు, సిగ్నల్ పడిపోతుంది.